డాల్మేషియా తీరం: స్ప్లిట్‌లో ఉండాలా, డుబ్రోవ్నిక్‌లోనా, దీవుల్లోనా?

క్రొయేషియా వెళ్దామని ఇంట్లో మాట మొదలైతే అసలు చిక్కు మ్యాప్ తెరిచాక ఎదురవుతుంది. చూడాల్సిన ఊళ్లు పది కనబడతాయి. చేతిలో ఉన్న సెలవులు ఏడో ఎనిమిదో. ఒకరు డుబ్రోవ్నిక్ కోట గోడలు చూడాల్సిందే అంటారు, ఇంకొకరు హ్వార్ దీవి అంటారు, పిల్లలు సముద్రంలో ఈత అంటారు. అన్నీ పట్టేలా ప్లాన్ వేస్తే రోజుకో ఊరు, రోజుకో పడవ అయిపోతుంది.

డాల్మేషియా అంటే ఏడ్రియాటిక్ సముద్రం తూర్పు ఒడ్డున, జాదర్ దగ్గర్నుంచి డుబ్రోవ్నిక్ దాటేదాకా సాగే క్రొయేషియా తీరం. ఏడ్రియాటిక్ మధ్యధరా సముద్రంలోనే ఒక పాయ. ఇక్కడికి గ్రీకులు వలస వచ్చారు, రోమన్లు నగరాలు కట్టారు, వెనిస్ పాలకులు వందల ఏళ్లు ఏలారు. డుబ్రోవ్నిక్ మాత్రం వర్తకుల గణరాజ్యంగా తన దారిన తాను నిలబడింది. చిన్నా పెద్దా దీవులు, రాతి దిబ్బలు కలిపి లెక్కేస్తే క్రొయేషియాకు వెయ్యికి పైనే ఉన్నాయి. జనం నిలకడగా ఉండేవి యాభైకి అటూ ఇటూ.

ఊళ్లన్నీ అందమైనవే కాబట్టి అందాన్ని బట్టి ఎంచుకోవడం కుదరదు. రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఎన్నిసార్లు పెట్టె సర్దుతారు అన్నదాన్ని పట్టి ఎంచుకోండి. ఈ వ్యాసంలో పోలికంతా ఆ లెక్కమీదే సాగుతుంది.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

మజిలీలు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి బస మార్చిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. ఉదయం పది, పదకొండు గంటలకు గది ఖాళీ చేయాలి, రేవుకు వెళ్లాలి, పడవ ఎక్కాలి, అవతల మధ్యాహ్నం రెండు మూడింటి దాకా గది ఇవ్వరు. ఎనిమిది రాత్రులకు నాలుగు మజిలీలు పెట్టుకుంటే మూడుసార్లు మారాలి, అంటే దాదాపు ఒకటిన్నర రోజు పెట్టెల పక్కనే గడుస్తుంది. ఏడెనిమిది రాత్రులకు రెండు మజిలీలు హాయిగా ఉంటాయి, మూడు గరిష్ఠం.

నెల. జూలై, ఆగస్టుల్లో యూరప్ అంతా ఇక్కడికే వస్తుంది. గదుల ధరలు పెరుగుతాయి, కారు ఎక్కించే ఫెర్రీలకు పెద్ద క్యూలుంటాయి, మధ్యాహ్నం రాతి వీధులు సెగలు కక్కుతాయి. మన వైపు బడి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి కాబట్టి, మే ఆఖరి వారం, జూన్ మొదటి వారం తెలుగు కుటుంబాలకు చక్కగా కలిసొస్తాయి. జనం తక్కువ, పగలు పొడవు, వేసవి పడవలు చాలావరకు మొదలై ఉంటాయి. అయితే అప్పటికి సముద్రం ఇంకా చల్లగానే ఉంటుంది. మనకు అలవాటైన బంగాళాఖాతం నీళ్లతో పోలిస్తే మొదటి మునకకే ఒళ్లు జలదరిస్తుంది. దసరా సెలవుల్లో వెళ్తే ఎండాకాలమంతా కాగిన సముద్రం ఇంకా వెచ్చగా ఉంటుంది. కానీ పగలు కురచబడుతుంది, వాన పడే అవకాశం పెరుగుతుంది, అక్టోబరు గడిచేకొద్దీ పడవల సర్వీసులు తగ్గిపోతాయి. పిల్లల ఈతే ముఖ్యమనుకుంటే సెప్టెంబరు, ఊళ్లు చూడటం ముఖ్యమనుకుంటే మే చివర.

వెంట ఎవరు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే ఈ ఒక్క ప్రశ్నే సగం నిర్ణయం చేసేస్తుంది. ఇక్కడి పాత ఊళ్లలోకి కార్లు రావు. నున్నగా అరిగిపోయిన రాతి పలకల మీద నడవాలి, మెట్లెక్కాలి. గదులు చాలావరకు పాత రాతి ఇళ్లలో రెండో, మూడో అంతస్తులో, లిఫ్టు లేకుండా ఉంటాయి.

వీసా. 2023 జనవరి 1న క్రొయేషియా షెంగెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమిలో చేరింది, అదే రోజు యూరోకు మారింది. భారతీయ పాస్‌పోర్ట్‌కు షెంగెన్ వీసా కావాలి. రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. జర్మనీలోనో, నెదర్లాండ్స్‌లోనో రెసిడెన్స్ పర్మిట్ మీద ఉంటున్న మనవాళ్లకు వేరే వీసా అక్కర్లేదు. బ్రిటన్‌లో ఉంటూ భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు మాత్రం కావాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. డుబ్రోవ్నిక్ నుంచి బోస్నియాలోని మోస్టార్‌కు, మాంటెనీగ్రోలోని కోటోర్‌కు రోజువారీ టూర్లు బాగా అమ్ముతారు. ఆ రెండు దేశాలూ షెంగెన్‌లో లేవు. మీ వీసాపై సింగిల్ ఎంట్రీ అని ఉంటే సరిహద్దు దాటాక వెనక్కి రానివ్వరు. టూర్ అమ్మేవాళ్లు ఈ మాట అడగాలని లేదు, మీరే చూసుకోవాలి.

## ఒక్క చూపులో

| చూడాల్సింది | స్ప్లిట్ | డుబ్రోవ్నిక్ | దీవులు | ఉత్తర తీరం (జాదర్, షిబెనిక్) |
|---|---|---|---|---|
| సరిపడే రాత్రులు | 3–5 | 2 | ఒక్కో దీవికి కనీసం 3 | 3–4 |
| చరిత్ర | రోమన్ చక్రవర్తి భవనం, చుట్టుపక్కల సలోనా, ట్రోగిర్ | కోట గోడలు, గణరాజ్య భవనాలు | గ్రీకు వలసలు, వెనిస్ కాలపు ఊళ్లు | రోమన్ ఫోరం, షిబెనిక్ కేథడ్రల్ |
| ఈత | పర్వాలేదు | పర్వాలేదు | చాలా బాగుంటుంది | బాగుంటుంది |
| పెద్దవాళ్లకు | సులువు | మెట్లు ఎక్కువ | ఊరిని బట్టి | సులువు |
| ఖర్చు | మధ్యస్థం | అన్నిటికంటే ఎక్కువ | హ్వార్ ఎక్కువ, మిగతావి మధ్యస్థం | తక్కువ |
| కారు | అక్కర్లేదు | అక్కర్లేదు, భారం కూడా | బ్రాచ్, విస్, మ్ల్యెట్‌లలో ఉపయోగం | ఉంటే మంచిది |

## స్ప్లిట్: అన్ని దారులూ కలిసే చోటు

రోమన్ చక్రవర్తి డయోక్లెషియన్ 305లో గద్దె దిగి, తన శేషజీవితం గడపడానికి ఇక్కడ సముద్రపు ఒడ్డున కట్టించుకున్న భవనమే నేటి స్ప్లిట్ పాత ఊరు. ఏడో శతాబ్దంలో పక్కనే ఉన్న సలోనా నగరం దాడుల్లో పాడైపోయినప్పుడు అక్కడి జనం వచ్చి ఈ గోడల మధ్య తలదాచుకున్నారు. అప్పట్నుంచి ఈ రోజుదాకా జనం అందులోనే ఉంటున్నారు. రాజభవనం నడిమధ్యన బట్టలు ఆరేసిన కిటికీలు, కాఫీ హోటళ్లు, బడికి పోయే పిల్లలు కనిపిస్తారు. టికెట్ కొని లోపలికి పోయే స్మారకం కాదిది. నడిబొడ్డున ఉన్న స్తంభాల చావడి మెట్ల మీద ఎవరైనా ఊరికే కూర్చోవచ్చు.

ఇక్కడ నన్ను బాగా కదిలించే సంగతి ఒకటుంది. డయోక్లెషియన్ క్రైస్తవులను తీవ్రంగా హింసించాడు. సలోనా బిషప్ డోమ్నియస్ ఆ హింసలోనే ప్రాణాలు కోల్పోయాడు. చక్రవర్తి తన సమాధి కోసం కట్టించుకున్న ఎనిమిది పలకల మందిరాన్ని తర్వాతి తరాలు ఆ డోమ్నియస్ పేరు మీదే కేథడ్రల్‌గా మార్చాయి. చక్రవర్తి అస్థికలు ఏమయ్యాయో తెలియదు. ఆయన చంపించిన బిషప్ పేరు మాత్రం ఆ గోడల మధ్య రోజూ వినబడుతుంది. లోపలికి వెళ్తే పైకప్పు కింద చెక్కిన శిల్పాల వరుస చూడటం మరవకండి.

బసగా స్ప్లిట్ గొప్పతనం రవాణాలో ఉంది. ఫెర్రీ రేవు, బస్ స్టేషన్, రైల్వే స్టేషన్ పక్కపక్కనే ఉంటాయి; పాత ఊరికి నడక దూరం. విమానాశ్రయం ఊరికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, ట్రోగిర్ పక్కన ఉంది. ఇక్కడే ఉండి పెట్టె సర్దకుండా చుట్టుపక్కలంతా చూసి రావచ్చు. ట్రోగిర్ యునెస్కో జాబితాలో ఉన్న చిన్న దీవి ఊరు. అక్కడి కేథడ్రల్ ద్వారాన్ని 1240లో రాదోవాన్ అనే శిల్పి చెక్కాడు. సలోనా శిథిలాలు సిటీ బస్సు దూరంలోనే ఉంటాయి. బ్రాచ్ దీవికి ఫెర్రీలో 50 నిమిషాలు.

లోపాలూ చెప్పాలి. భవనం గోడల మధ్య గది తీసుకోవడం ఊహకు బాగుంటుంది గానీ, వేసవి రాత్రుల్లో కింద బార్ల చప్పుడు అర్ధరాత్రి దాటినా తగ్గదు. నిద్ర ముఖ్యమైతే పడమరన ఉన్న వారోష్ పేటలోనో, తూర్పున బాచ్‌విత్సె బీచ్ వైపో చూడండి. బాచ్‌విత్సెలో ఇసుక ఉంటుంది, నీళ్లు చాలా దూరం దాకా మోకాలి లోతే. చిన్న పిల్లలున్నవాళ్లకు అది వరం. మధ్యాహ్నాలు అక్కడ పెద్దలు కూడా చిన్న బంతిని నీళ్లలో పడనీయకుండా అరచేతులతో కొట్టుకుంటూ పిచిగిన్ అనే ఆట ఆడుతుంటారు. అందం కోసం ఈతకు వచ్చేవాళ్లకు మాత్రం నగర బీచ్‌లు చాలవు, దీవులకు వెళ్లాల్సిందే.

## డుబ్రోవ్నిక్: రెండు రాత్రులు, అంతకంటే వద్దు

డుబ్రోవ్నిక్ చూడకుండా వెనక్కి రమ్మని ఎవరికీ చెప్పను. ఊరి చుట్టూ 1,940 మీటర్ల కోట గోడ. దాని మీద నడుస్తుంటే ఒకవైపు నీలి సముద్రం, ఇంకోవైపు ఎర్ర పెంకుల కప్పులు. ఆ పెంకుల్లో ముదురు రంగువి, లేత రంగువి తేడాగా కనిపిస్తాయి. యుగోస్లావియా విడిపోతున్నప్పుడు జరిగిన 1991–92 ముట్టడిలో ఫిరంగి గుళ్లకు దెబ్బతిన్న కప్పులను మళ్లీ నేసిన చోట పెంకులు కొత్తగా మెరుస్తాయి. ఒక తరం కిందటి యుద్ధం అంత స్పష్టంగా కంటికి కనబడే ఊరు తీరంలో ఇంకోటి లేదు.

గణరాజ్యంగా ఉన్న రోజుల్లో ఈ ఊరు ఓడల వర్తకంతో బతికింది, తెలివిగా రాజీలు చేసుకుంటూ వెనిస్‌నీ ఒట్టోమన్‌లనూ నెగ్గుకొచ్చింది. ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్లను ఊళ్లోకి రానీయకుండా విడిగా ఉంచాలని 1377లోనే చట్టం చేసింది. తూర్పు ద్వారం బయట తర్వాతి కాలంలో కట్టిన క్వారంటైన్ భవనాలు, లాజరెట్టి, ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. కరోనా చూసిన మనకు ఆ గదుల ముందు నిలబడితే వేరే రకంగా అనిపిస్తుంది. 1667 భూకంపం ఊరిని నేలమట్టం చేసింది. నేడు మనం చూసే ప్రధాన వీధి స్ట్రాదూన్ ఒకే తీరు ఇళ్లతో అంత పొందికగా ఉండటానికి ఆ తర్వాత మళ్లీ కట్టడమే కారణం. చివరికి 1808లో నెపోలియన్ సైన్యం గణరాజ్యాన్ని రద్దు చేసింది.

ఇక కష్టాల సంగతి. గోడల టికెట్ పెద్దలకు 40 యూరోల దాకా ఉంది. నలుగురు పెద్దవాళ్లున్న కుటుంబానికి ఒక్క పూటకే 160. టికెట్ కొనే ముందు డుబ్రోవ్నిక్ పాస్ ధర చూడండి. అందులో గోడలతో పాటు మ్యూజియంలు, సిటీ బస్సు కూడా కలిసొస్తాయి. గోడల మీద నీడ దాదాపు లేదు, మెట్లు చాలా ఉన్నాయి. తెరవగానే ఉదయం ఎనిమిదింటికి ఎక్కితే ఎండా, జనమూ రెండూ తప్పుతాయి. క్రూజ్ ఓడల జనం తొమ్మిదిన్నర, పది తర్వాత దిగుతారు. ఓడల సంఖ్యకు నగరం పరిమితి పెట్టాక నయం గానీ, మధ్యాహ్నం స్ట్రాదూన్ మీద ఇప్పటికీ ఇరుకే.

పాత ఊరు గిన్నె అడుగులా పల్లంలో ఉంటుంది, రెండు వైపులా మెట్ల వీధులే. పెద్దవాళ్లతో వస్తే పాత ఊళ్లో గది తీసుకోకండి. లాపాద్, గ్రూజ్ ప్రాంతాల్లో గదులు చవక, సిటీ బస్సు తరచుగా ఉంటుంది. దూరపు దీవులకు పోయే పడవలు గ్రూజ్ రేవు నుంచే బయల్దేరతాయి కాబట్టి పొద్దున్నే ప్రయాణమున్నవాళ్లకు అక్కడ ఉండటం మేలు. అన్నట్టు, డుబ్రోవ్నిక్‌కు రైలు లేదు. స్ప్లిట్ నుంచి బస్సులో నాలుగు, నాలుగున్నర గంటలు.

ఒకప్పుడు ఈ దారిలో న్యూమ్ దగ్గర బోస్నియా భూభాగంలోంచి పోవాల్సి వచ్చేది, రెండుసార్లు సరిహద్దు దాటాలి. 2022 జూలైలో పెల్యెషాత్స్ వంతెన తెరిచాక ఆ బాధ తీరింది. బస్సు టికెట్ కొనేటప్పుడు మాత్రం అది వంతెన మీదుగా పోతుందో న్యూమ్ మీదుగా పోతుందో అడగండి. సింగిల్ ఎంట్రీ వీసా ఉన్నవాళ్లకు ఇది తప్పనిసరి.

## దీవులు: ఏది ఎవరికి

అందరూ కోర్చుల, హ్వార్, విస్, బ్రాచ్, మ్ల్యెట్ ఐదు దీవులూ చుట్టాలనుకుంటారు. ఒక్కటి ఎంచుకుని మూడు రాత్రులు ఉండమని నా సలహా. పగటి పడవలు వెళ్లిపోయాక సాయంత్రం ఆరు నుంచే దీవి ఊళ్లు తమ తీరులోకి వస్తాయి, ఆ సాయంత్రాల కోసమే అక్కడ పడుకోవాలి.

ఏ దీవికైనా వర్తించే ఒక హెచ్చరిక: ఒకే దీవికి వేర్వేరు రేవులుంటాయి. కార్లు ఎక్కే పెద్ద ఫెర్రీ హ్వార్‌లో స్టారి గ్రాద్ దగ్గర ఆగుతుంది, హ్వార్ పట్నంలో కాదు. అక్కడి నుంచి మళ్లీ బస్సు. కోర్చులకు స్ప్లిట్ నుంచి వచ్చే కారు ఫెర్రీ పడమటి కొసన వేలా లూకాలో దింపుతుంది. కోర్చుల పట్నం అక్కడి నుంచి 45 కిలోమీటర్లు. మనుషుల్ని మాత్రమే ఎక్కించుకునే క్యాటమరాన్‌లు వేగంగా నేరుగా పట్నాలకే వస్తాయి. టికెట్ మీద దీవి పేరు కాకుండా రేవు పేరు చూడండి.

కోర్చుల. ఒక్క దీవే చూడగలనంటే నా ఓటు దీనికే. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన నేల మీద కోట గోడల మధ్య చిన్న ఊరు. మధ్యలో ఒక వీధి, దానికి ఇరువైపులా చేప ముల్లులా సన్నటి సందులు. ఆ సందుల్లో పడమటి వైపువి తిన్నగా, తూర్పువి కాస్త వంపుగా వేశారు. వేసవిలో పడమటి గాలి ఊళ్లోకి రావాలని, చలికాలపు బూర గాలి నేరుగా దూసుకురాకూడదని ఆ ఏర్పాటు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ సందుల్లో నడిస్తే ఆ ఊరు కట్టినవాళ్ల తెలివి ఒంటికి తెలుస్తుంది.

మార్కో పోలో తమ ఊళ్లోనే పుట్టాడని కోర్చుల వాళ్లు గట్టిగా చెబుతారు. చరిత్రకారుల్లో ఎక్కువమంది వెనిస్ వైపే మొగ్గుతారు. 1298లో ఈ దీవి దగ్గర వెనిస్, జెనోవా నౌకాదళాలు తలపడ్డ మాట మాత్రం నిజం, ఆ యుద్ధంలోనే ఆయన ఖైదీగా చిక్కాడని చాలాకాలంగా చెప్పుకుంటారు. మనకు ఈ పేరు వింటే ఇంకో సంగతి గుర్తుకు రావాలి. ఆయన వృత్తాంతంలో ముత్‌ఫిలి అని రాసిన రాజ్యాన్ని చరిత్రకారులు మన మోటుపల్లిగా, అక్కడ న్యాయంగా పాలిస్తోందని పొగిడిన రాణిని రుద్రమదేవిగా గుర్తించారు. చనిపోయిన రాజు భార్య అని ఆయన రాశాడు. గణపతిదేవుడి కూతురని మనకు తెలుసు. వజ్రాల గురించీ, సన్నటి బట్టల గురించీ రాశాడు. అదే మోటుపల్లిలో విదేశీ వర్తకుల ఓడలకు అభయమిస్తూ గణపతిదేవుడు వేయించిన శాసనం ఉంది. కోర్చుల సందుల్లో తిరిగే తెలుగువాళ్లకు ఇంత దగ్గరి బంధం ఇంకెక్కడా దొరకదు.

వేసవిలో కొన్ని సాయంత్రాలు మోరెష్క అనే కత్తుల నాట్యం ప్రదర్శిస్తారు. ఒక కన్య కోసం ఇద్దరు రాజులు, వాళ్ల సైన్యాలు నిజం కత్తులతో తలపడతాయి. పిల్లలు కన్నార్పకుండా చూస్తారు. స్ప్లిట్‌కూ డుబ్రోవ్నిక్‌కూ మధ్యలో ఉండటం ఈ దీవికి ఇంకో లాభం: ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపుకు పోవచ్చు. లుంబార్ద ఊరి దగ్గర ఇసుక బీచ్ కూడా ఉంది.

హ్వార్. ఇందులో రెండు లోకాలున్నాయి. హ్వార్ పట్నం యాట్‌లు, రాత్రి క్లబ్బులు, ఖరీదైన భోజనాలు. స్నేహితుల బృందాలకు, కొత్త జంటలకు నచ్చుతుంది. రేవు పక్కన 1612లో తెరిచిన ప్రజా నాటకశాల ఉంది, యూరప్‌లోనే పాతవాటిలో ఒకటి. ఇక స్టారి గ్రాద్ ప్రశాంతమైన ఊరు. క్రీస్తుపూర్వం 384లో పారోస్ దీవి నుంచి వచ్చిన గ్రీకులు ఇక్కడ ఫారోస్ అనే నగరం పెట్టి, పక్కనున్న మైదానాన్ని రాతి గట్లతో సమానమైన మడులుగా కొలిచి పంచుకున్నారు. ఆ గట్లు ఇప్పటికీ ఉన్నాయి, వాటి మధ్య ద్రాక్ష, ఆలివ్ తోటలు ఇప్పటికీ సాగవుతున్నాయి. 2008లో యునెస్కో గుర్తించింది. పొలం గట్టు విలువ తెలిసిన ఎవరికైనా సైకిల్ మీద ఆ మైదానంలో ఒక ఉదయం గడపడం గొప్ప అనుభవం. కుటుంబంతో హ్వార్ వెళ్తే స్టారి గ్రాద్‌లో ఉండండి, పట్నానికి ఒక సాయంత్రం వెళ్లి రండి. లావెండర్ పూలు చూడాలనుకుంటే జూన్ చివర, జూలై మొదట్లో వెళ్లాలి.

విస్. తీరానికి బాగా దూరం. ఫెర్రీలో రెండున్నర గంటలకు కాస్త తక్కువ. యుగోస్లావియా కాలంలో సైనిక స్థావరం కాబట్టి 1989 దాకా విదేశీయులను రానివ్వలేదు. హోటళ్లు పెద్దగా పెరగకపోవడానికి అదే కారణం. సందడి అక్కర్లేని జంటలకు, పుస్తకం పట్టుకుని కూర్చునేవాళ్లకు దీనికి మించింది లేదు. పక్కనున్న బిషెవో దీవిలోని నీలి గుహకు స్ప్లిట్ నుంచి స్పీడ్‌బోట్ టూర్లు అమ్ముతారు. నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు, చిన్న పిల్లలున్నవాళ్లు వాటి జోలికి పోవద్దు. పోతూ వస్తూ గంటల తరబడి అలల మీద ఎగిరెగిరి పడాలి, తీరా గుహలో ఉండనిచ్చేది కొద్ది నిమిషాలే. విస్‌లోనే ఉండి కొమీజ నుంచి వెళ్తే దగ్గర.

బ్రాచ్, మ్ల్యెట్. వీటి గురించి తక్కువే చెబుతాను. బ్రాచ్‌లో బోల్ ఊరి దగ్గరి జ్లాత్ని రాత్ బీచ్ నాలుకలా సముద్రంలోకి సాగి, గాలినీ ప్రవాహాన్నీ బట్టి కొస తిప్పుకుంటుంది. ఈత కోసమే అయితే మంచి చోటు. స్ప్లిట్ నుంచి రోజులో వచ్చి పోవచ్చు. డయోక్లెషియన్ భవనానికి తెల్లరాయి ఈ దీవి గనుల నుంచే వచ్చింది. మ్ల్యెట్ పడమటి భాగం జాతీయ ఉద్యానవనం. పైన్ అడవుల మధ్య రెండు ఉప్పునీటి సరస్సులు, ఒక సరస్సు మధ్య లంకలో పాత మఠం. డుబ్రోవ్నిక్ నుంచి ఒక రోజుకు సరిగ్గా సరిపోతుంది.

## ఉత్తర తీరం: కారున్నవాళ్లకు

జర్మనీ, ఆస్ట్రియాల నుంచి సొంత కారులో వచ్చే మన కుటుంబాలకు ముందు తగిలేది ఇదే. జాదర్‌లో రోమన్ ఫోరం రాళ్ల పక్కనే తొమ్మిదో శతాబ్దపు గుండ్రటి సెయింట్ డోనాటస్ చర్చి నిలబడి ఉంది. రేవు గట్టు మెట్ల కింద గొట్టాలు అమర్చి, అలలే సంగీతం పలికేలా 2005లో నికోలా బాషిచ్ అనే వాస్తుశిల్పి రూపొందించిన సముద్రపు ఆర్గన్ ఉంది. టికెట్ లేదు, ఎంతసేపైనా కూర్చోవచ్చు. షిబెనిక్ కేథడ్రల్ కట్టడం 1431లో మొదలై వందేళ్లు పట్టింది. కప్పుతో సహా మొత్తం రాయే. బయటి గోడకు చుట్టూ ఆనాటి మామూలు మనుషుల ముఖాలు చెక్కారు. ఒక్కో ముఖం ఒక్కో తీరు, అరగంట అక్కడే గడిచిపోతుంది.

పక్కనే క్ర్క జలపాతాలు. పాత ఫొటోలు చూసి ఈతకు సిద్ధమై వెళ్లకండి, 2021 నుంచి ప్రధాన జలపాతం దగ్గర ఈత నిషేధం.

## మీరెవరైతే ఏది

అమ్మానాన్నలతో వచ్చేవాళ్లు స్ప్లిట్‌లో ఐదు రాత్రులు, డుబ్రోవ్నిక్‌లో లాపాద్ వైపు రెండు రాత్రులు పెట్టుకోండి. దీవులను రోజువారీ ఫెర్రీతో చూపించండి. పెద్ద ఫెర్రీలో కుర్చీలు, టాయిలెట్లు, లోపల తిరగడానికి చోటు ఉంటాయి. క్యాటమరాన్ కంటే కుదుపు తక్కువ.

బడి పిల్లలున్న కుటుంబానికి స్ప్లిట్ మూడు రాత్రులు, కోర్చుల మూడు, డుబ్రోవ్నిక్ రెండు. స్ప్లిట్‌లో దిగి డుబ్రోవ్నిక్ నుంచి తిరుగు విమానం ఎక్కేలా టికెట్ తీసుకుంటే వెనక్కి వచ్చే రోజు మిగులుతుంది. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు కాబట్టి ఎలాగూ ఎక్కడో మారాలి. రెండు ఊళ్లకూ కలిపి టికెట్ ధర చూసి, స్ప్లిట్ రాకపోకల ధరతో పోల్చుకోండి. తేడా కొంచెమే అయితే మొదటిదే మేలు.

కొత్త జంటకు విస్‌లో నాలుగు, డుబ్రోవ్నిక్‌లో రెండు రాత్రులు. స్నేహితుల బృందానికి స్ప్లిట్, హ్వార్ పట్నం చాలు, డుబ్రోవ్నిక్ వదిలేసినా బాధపడక్కర్లేదు. చరిత్ర మీద ప్రేమతో వచ్చేవాళ్లు మాత్రం ఈతను పక్కనపెట్టి షిబెనిక్, ట్రోగిర్, స్ప్లిట్, స్టారి గ్రాద్, డుబ్రోవ్నిక్ వరుసగా చూడండి. యునెస్కో గుర్తింపున్న ఐదు చోట్లు ఒకే దారిలో దొరుకుతాయి. మజిలీలు మూడుకు మించకూడదన్న నియమం మీరొక్కరే దాటొచ్చు.

నాలుగైదు రోజులే ఉన్నవాళ్లు స్ప్లిట్‌లోనే ఉండిపోండి. డుబ్రోవ్నిక్‌కు ఒక్క రోజులో వెళ్లి రావాలన్న ఆలోచన వద్దు. ఎనిమిది, తొమ్మిది గంటలు బస్సులోనే పోతాయి, ఊళ్లో ఉండేది సరిగ్గా జనం కిటకిటలాడే మధ్యాహ్నమే.

## తిండి, బట్టలు, పడవలు

శాకాహారులకు ఇక్కడ కొంచెం కష్టమే, కానీ పస్తులుండక్కర్లేదు. బ్లిత్వ అనే ఆకుకూరను బంగాళదుంపలతో, వెల్లుల్లితో ఉడికించి పెడతారు. మన నాలుకకు వెంటనే నచ్చుతుంది. సోపార్నిక్ అనేది పల్చటి పిండి పొరల మధ్య అదే ఆకుకూర, ఉల్లిపాయ పెట్టి కాల్చిన రొట్టె, స్ప్లిట్ పక్కనున్న పోల్యిత్స ప్రాంతానిది. పిజ్జా, పాస్తా ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. నల్లటి రిసోట్టో అన్నం చూసి కూరగాయలదనుకోవద్దు, ఆ నలుపు సముద్రపు జీవి సిరాది. చేపలు తినేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి: మెనూలో రాసిన ధర చాలాచోట్ల కిలోకు. చేప తూకం వేయించి, ఎంతవుతుందో అడిగాకే సరేననండి.

వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, అన్నమూ దొరుకుతుంది. స్ప్లిట్ భవనం తూర్పు ద్వారం బయట రోజూ కూరగాయల సంత ఉంటుంది. పొడులు తెచ్చుకోండి, నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాల, మాంసపు పదార్థాలు సామానులో తీసుకురావడాన్ని యూరోపియన్ యూనియన్ అనుమతించదు.

బీచ్‌లు చాలావరకు గులకరాళ్లవి, సీ అర్చిన్‌లనే ముళ్ల జీవులు కూడా ఉంటాయి. నీళ్లలో వేసుకునే రబ్బరు చెప్పులు ఇంటి దగ్గరే కొనుక్కోండి.

పడవ టికెట్ల విషయంలో: క్యాటమరాన్ సీట్లు జూలై, ఆగస్టుల్లో ముందే అయిపోతాయి, సర్వీసు వేళలు వెలువడగానే కొనండి. పెద్ద ఫెర్రీకి నడిచి ఎక్కేవాళ్లకు టికెట్ దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. కారుతో ఎక్కాలంటే గంట, సీజన్లో ఇంకా ముందే, వరుసలో ఉండాలి. ఆగ్నేయం నుంచి యూగో గాలి వీచినప్పుడు, ఈశాన్యం నుంచి బూర విరుచుకుపడినప్పుడు క్యాటమరాన్‌లు ఆగిపోతాయి, పెద్ద ఫెర్రీలు కూడా ఒక్కోసారి కదలవు. అందుకని ఇంటికి వచ్చే విమానానికి ముందు రాత్రి దీవిలో ఉండకండి. ఆ ఒక్క రాత్రి స్ప్లిట్‌లోనో డుబ్రోవ్నిక్‌లోనో గది తీసుకుని, మిగతా రాత్రులను దానికి తగ్గట్టు వెనక్కి లెక్కేసుకుంటూ రండి.